ఫోటో స్క్వాడ్రన్ దాసప్ప

ఆ ఏడు వేసవి ముగిసి తొలి వానలు పడుతున్నప్పుడు మూకండపల్లిలో దాసప్పకు పక్షవాతం వచ్చింది. వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఒక పక్కకు ఒరిగిపోయాడు. బిందె దొర్లుకుంటూ వీధి మధ్యకు పోయింది. ఆ చప్పుడుకు భార్య నాగక్క లోపలినుంచి పరుగున వచ్చేసరికి ఆయన తడినేల మీద కూర్చుని ఆమె వైపే చూస్తున్నాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మాట మాత్రం రావడం లేదు.

ముందు హోసూరులో, తరవాత బెంగళూరు పెద్దాస్పత్రిలో వైద్యం చేయించారు. కాలు కొంత తిరిగొచ్చింది. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వాకిలి దాకా నడవగలిగాడు. మాటే రాలేదు.

"తలలో మాటలుండే చోట దెబ్బ తగిలిందమ్మా" అన్నాడు డాక్టరు. "మీరు చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది నోటికి అందదు. విసుక్కోకుండా మాట్లాడిస్తూ ఉండండి. రావచ్చు."

నాగక్క విసుక్కునే మనిషి కాదు. ఇంటికి తెచ్చుకున్న మర్నాటినుంచే మొదలుపెట్టింది. చెంబు ఎత్తి చూపేది. "ఇదేమి? చెంబు. చెప్పు రేణు నాయనా, చెం, బు." ఆయన కళ్ళు చిట్లించి, మెడ నరాలు బిగించి, "త… త…" అనేవాడు. ఇంకొంచెం సేపు పెనుగులాడి ఎడమచేత్తో తొడ మీద గుద్దుకునేవాడు. తరవాత గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పక్క వీధిలో ఉండే కూతురు రేణు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేముందు వచ్చి, తన వంతుగా కాసేపు కూర్చుని మాట్లాడించేది. ఆమెకూ అదే "త… త…".

దాసప్ప బేరిగైలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. మీసాలు వస్తున్న వయసులోనే బెంగళూరుకు పోయి ఎయిర్‌ఫోర్సులో చేరాడు. సార్జెంటుగా రిటైరై వచ్చాక హోసూరులో ఒక ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే పనికి కుదిరి, మూకండపల్లిలో ఈ ఇల్లు కట్టుకున్నాడు. ఎయిర్‌ఫోర్సులో ఏం చేశావని ఎవరడిగినా, "ఫోటోలు కడిగినానప్పా" అనేవాడు. బేరిగైలో ఆయన పేరే ఫోటో దాసప్ప అయిపోయింది. డెబ్బయ్యొకటిలో అంత పెద్ద యుద్ధం జరిగితే తుపాకీ కూడా పట్టలేదా అని వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

నాగక్కకు అంతకంటే కొంచెం తెలుసు. ఆగ్రాలో ఆయనున్నది ఫోటో స్క్వాడ్రన్ అనీ, ఆ విమానాల పొట్టలో బాంబులుండే చోట కెమెరాలుంటాయనీ, అవి శత్రువుల నేల మీద తిరిగి ఫోటోలు తీసుకొస్తే ఆ ఫిల్ము కడిగి, ఆరబెట్టి, అచ్చు వేసేవాళ్ళలో ఆయన ఒకడనీ తెలుసు. అక్కడికి తలుపు మూసుకునేది. "చీకటి గదిలో చూసింది చీకటి గదిలోనే వదిలి రావాల, నాగీ. మాకు అట్లని ఆర్డరు" అని కొత్తలో ఒకసారి చెప్పాడు. ఆమె మళ్ళీ అడగలేదు. రోజూ సాయంత్రం ఆయన ఫోటోలు కడిగే హైపో మందు వాసనతో, గోధుమరంగుకు తిరిగిన గోళ్ళతో వచ్చి తిని పడుకునేవాడు.

దసరా దాటాక ఒక ఆదివారం వాళ్ళింటి ముందు తెల్ల మారుతీ కారు ఆగింది. దిగినాయన పొడగరి. తల నెరిసినా నిటారుగా ఉన్నాడు. పేరు అనంతకుమార్ అనీ, వింగ్ కమాండరుగా రిటైరయ్యాననీ, దాసప్ప పనిచేసిన స్క్వాడ్రన్‌లోనే విమానంలో దారి చూపి కెమెరాలు నడిపే నావిగేటరుగా ఉండేవాణ్ణనీ చెప్పాడు. కోలారు వైపు మనిషి కావడంతో తెలుగు బాగానే వచ్చు.

"స్క్వాడ్రన్ చరిత్ర రాస్తా ఉండానమ్మా. పాతవాళ్ళనందరినీ కలిసి, వాళ్ళు చెప్పేది రాసుకొంటా ఉండా. ఆఫీసర్ల సంగతులు కాగితాల్లో ఉండాయి. కింద పనిచేసినవాళ్ళవి యాడా లేవు. దాసప్ప లేకుండా ఆ పుస్తకం ఎట్ల?"

"మీరు ఇంత దూరం వచ్చినారు సారూ. ఆయప్పకు మాట పడిపోయింది" అంది నాగక్క.

అనంతకుమార్ చెప్పులు వదిలి లోపలికి వచ్చి మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. దాసప్ప ఆయన్ని గుర్తుపట్టాడు. లేవబోయాడు. లేవలేక, వంకరగా ఉన్న నోటితో నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుండావా దాసప్పా?" అని తెలుగులో అడిగాడు అనంతకుమార్. కాసేపు ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఏం చేయాలో తెలియక అనంతకుమార్ తన సంచిలోంచి కొన్ని పాత ఫోటోలు తీసి దుప్పటి మీద పరిచాడు. చాలా ఎత్తునుంచి తీసినవి. పొలాలు గళ్ళచీరలా ఉన్నాయి. ఏరు తాడు ముక్కలా ఉంది. నాగక్క వంగి చూసింది కానీ ఆమెకేమీ అర్థం కాలేదు.

దాసప్ప ఎడమచేత్తో ఒక ఫోటో దగ్గరికి లాక్కున్నాడు. ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆ చూపులో ఏదో మారింది. అది చూసి అనంతకుమార్ నోటినుంచి పాత అలవాటు కొద్దీ పాత భాషే వచ్చింది. స్క్వాడ్రన్‌లో ఆఫీసరుకూ కిందివాళ్ళకూ మధ్య నడిచేది హిందీయే కదా.

"దాసప్పా, క్యా దిఖ్తా హై?" ఏం కనిపిస్తోందని అడిగాడు.

"పుల్" అన్నాడు దాసప్ప.

గొంతు బొంగురుగా ఉంది, కానీ మాట స్పష్టంగా ఉంది. నాగక్క కాఫీ లోటా కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది. పుల్ అంటే వంతెన అని ఆమెకు తెలుసు.

"పుల్ హై, సాబ్" అన్నాడు మళ్ళీ. వేలు ఏటి మీద ఒక సన్నటి గీత దగ్గర ఆగింది. "టూటా… నహీ. టూటా నహీ." వంతెన కూలలేదట.

ఆ రోజు ఆయన మరో ఏడెనిమిది మాటలు మాట్లాడాడు. అన్నీ హిందీయే. రైలు పట్టాలు, రైలుపెట్టెలు, నీడ, ఫిల్ము. అనంతకుమార్ వెళ్ళేటప్పుడు ఆ ఫోటోలన్నీ అక్కడే వదిలి, మళ్ళీ వస్తానని చెప్పి కారెక్కాడు. కారు కదిలాక నాగక్క ఒక్క పరుగున లోపలికి వచ్చి చెంబు ఎత్తి చూపింది.

"ఇదేమి, రేణు నాయనా?"

"త… త…" అన్నాడు దాసప్ప.

*

వార్త వీధంతా పాకింది. పక్కింటి గంగక్క వచ్చి, ఆయన ఫోటో చూసి హిందీలో గొణుగుతుంటే విని బుగ్గన చేయి పెట్టుకుంది. "ఏమక్కా ఇది? కన్నభాష రాకుండా, యాడిదో భాష వస్తుందా యాడన్నా? ఏదో గాలి సోకింది." బేరిగైనుంచి మరిది నంజప్ప వచ్చి, డెంకణికోటలో తాయెత్తు కట్టే ఆయప్ప తావకు తీసుకపోదామని పట్టుబట్టాడు.

"యాడికీ వద్దు" అంది నాగక్క. "డాక్టరును అడిగినాను. ఒకొక్క భాష ఒకొక్క మూలన ఉంటుందంట. ఒకటి ముందు వస్తే ఒకటి వెనక వస్తుందంట."

అలా గట్టిగా చెప్పిందే కానీ ఆమె మనసుకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. చిన్నప్పటినుంచి మాట్లాడిన భాష, తనతో సంసారం చేసిన భాష, రేణుకు జోల పాడిన భాష ఆయన నోటికి రావడం లేదు. ఉద్యోగం భాష వచ్చింది. వయసులో ఉన్నంతకాలం ఆయన్ని లాక్కున్నది ఆ స్క్వాడ్రనే. ఇప్పుడు మాట కూడా దానికే పోయింది అనుకుంది. పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు ఒత్తుకుంది.

అయితే ఏడుస్తూ కూర్చుంటే పని జరగదు. ఆగ్రా క్వార్టర్సులో ఉన్నప్పుడు ఆమెకూ కొంత హిందీ పట్టుబడింది. నేర్పింది బడి కాదు. కూరగాయల బండివాడూ, పాలవాడూ, పక్క క్వార్టరు పంజాబీ ఆమె నేర్పారు. అందుకే నాగక్క హిందీలో సగం బేరాలూ సగం తిట్లూ ఉంటాయి. మర్నాడు పొద్దున ఆమె గ్లాసు పాలు తెచ్చి మంచం ముందు నిలబడి, సిగ్గుపడుతూ, "దూధ్ పీయేగా?" అంది.

దాసప్ప తలెత్తాడు. "పానీ" అన్నాడు గ్లాసు చూసి. "దూధ్ మే… పానీ."

"నేనేం కలపలేదప్పా! పాలాయన కలిపినాడు!" అని తెలుగులో అరిచి, అప్పుడు గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాలుగు నెలల తరవాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. ఆయన కూడా నవ్వాడు.

అలా వాళ్ళిద్దరూ హిందీలో కాపురం మొదలుపెట్టారు. అన్నం తింటావా, కాలు నొప్పా, ఎండలోకి వస్తావా, అన్నీ హిందీలోనే. మాట దొరకకపోతే ఆమె చేతులు తిప్పేది. చిన్నప్పుడు ఆగ్రా బళ్ళో చదివిన రేణు తల్లి హిందీ విని పడిపడి నవ్వేది. "అమ్మా, నాయనను ఆడమనిషిని చేసేసినావు, ఖాతీ కాదు, ఖాతా హై అనాల" అని దిద్దేది. వీధిలో వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. నాగక్క పట్టించుకోలేదు.

*

అనంతకుమార్ నెలకొకసారి వచ్చేవాడు. ఇంకా ఫోటోలు తెచ్చేవాడు. కొన్నిటిని జంటగా పక్కపక్కన పెట్టి, రెండు కళ్ళకూ రెండు అద్దాలున్న చిన్న చట్రం వాటి మీద నిలిపేవాడు. దాసప్ప ఒకసారి నాగక్కను పిలిచి చూడమని సైగ చేశాడు. ఆమె కళ్ళు ఆనించింది. మొదట అంతా మసక. ఉన్నట్టుండి చెట్లు పైకి లేచాయి, ఏటి గట్టు లోతుకు దిగింది. "అమ్మో!" అని వెనక్కి జరిగింది. దాసప్ప పిల్లవాడిలా మురిసిపోయాడు.

మాటలు పెరిగాయి. విడివిడి మాటలు చిన్న చిన్న వాక్యాలయ్యాయి. ఆయన తడుముకుంటూ చెప్పేదాన్ని అనంతకుమార్ పూర్తి చేసేవాడు, అవునా అని అడిగి రాసుకునేవాడు. కాఫీ ఇచ్చే వంకతో నాగక్క గడప దగ్గర కూర్చుని వినేది. తను పక్కనే ఉండీ చూడని కాలం అది. విమానం దిగగానే ఫిల్ము తీసుకుని లారీ ఎలా ఉరికేదో, ఎర్రబల్బు వెలుగులో ఎలా పనిచేసేవాళ్ళో, చలికి మందునీళ్ళు చల్లారిపోకుండా బొగ్గుల కుంపటి ఎలా పెట్టేవాళ్ళో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

భండారి అని ఒక పైలట్ ఉండేవాడట. పాతికేళ్ళ కుర్రాడు. విమానం దిగి నేరుగా చీకటి గది తలుపు దగ్గరికి వచ్చి, "దాసప్పా, నా పెళ్ళి ఫోటో ఎట్లొచ్చింది?" అని అరిచేవాడట. వాడు తెచ్చింది శత్రువుల విమానాశ్రయం ఫోటో. "తల నరికేసినాను సాబ్" అని దాసప్ప లోపలినుంచి జవాబు చెప్పేవాడట. స్క్వాడ్రనంతా వాళ్ళ హాస్యం చెప్పుకునేదట.

సంక్రాంతి దాటి చలి తగ్గుతున్న రోజుల్లో వచ్చినప్పుడు అనంతకుమార్ ఆ భండారి ఆఖరి ప్రయాణం గురించి అడిగాడు. యుద్ధం మొదలైన మొదటి వారం. పొద్దున పోయిన విమానం మధ్యాహ్నానికి రావాలి, రాలేదు. దాసప్ప ఫోటోలు పక్కకు తోసి చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆయప్ప చెప్పలేడు, నేను చెప్తాను వినమ్మా" అని అనంతకుమార్ నాగక్క వైపు తిరిగాడు. ఆ గొంతులో గౌరవం ఉంది. "ఫిల్ము వస్తుందని దాసప్ప మందునీళ్ళు వెచ్చగా పెట్టుకొని కూర్చున్నాడు. రాత్రయింది, పొద్దైంది. ఇంకేం వస్తుందప్పా, పారబోయి అని అందరూ చెప్పినారు. ఈయప్ప పారబోయలేదు. నువ్వు ఆస్పత్రిలో ఉండావని కబురొచ్చింది. మా కమాండరు లీవు కూడా ఇచ్చినాడు, పో అన్నాడు. కదిలినాడా? లేదు. మూడు రోజులు ఆ గది వదల్లేదు. అట్లాంటి మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదమ్మా."

నాగక్క చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. లేచి పెరట్లోకి పోయింది.

ఆ ఆస్పత్రి ఎందుకో అనంతకుమార్‌కు తెలియదు. ఆమెకు అప్పుడు ఆరో నెల. సైరన్ మోగితే, మూడేళ్ళ రేణును చంకనేసుకుని క్వార్టర్సు వెనక తవ్విన కందకంలోకి దిగబోయి జారి పడింది. ఆస్పత్రికి తీసుకుపోయారు. బిడ్డ దక్కలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయనేమో అని చూసింది. యుద్ధం కదా, లీవు ఇచ్చి ఉండరు అని తనకు తానే చెప్పుకుంది. తను ఇంటికి చేరాక ఆయన వచ్చాడు. గడ్డం మాసి ఉంది. చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డను పోగొట్టినానని కోపమేమో అనుకుంది. అలా అనుకునే పాతికేళ్ళు గడిపింది.

లీవు ఇచ్చారు. ఆయన రాలేదు.

కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించాక కూడా ఆమె బట్టలుతికే బండ మీదే కూర్చుంది. లోపలినుంచి కాలు ఈడ్చే చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. ఆమె తల తిప్పలేదు. దాసప్ప నోరు తెరిచాడు. ఆయనకు కావలసిన మాట హిందీలో లేదో ఏమో, అది కూడా రాలేదు. చాలాసేపు నిలబడి, అలాగే వెనక్కి వెళ్ళాడు.

ఆ తరవాత నాగక్క అన్నం పెట్టింది, మందులిచ్చింది, స్నానం చేయించింది. హిందీ మాత్రం మానేసింది. తెలుగులో రెండు ముక్కలు చెప్పి తన పని చూసుకునేది. "ఏమైందమ్మా?" అని రేణు అడిగితే, "ఏమీ లేదులే, గొంతు బాగలేదు" అంది.

*

మామిడికాయల కాలం వచ్చింది. కృష్ణగిరి దగ్గర మారియప్ప అని స్క్వాడ్రన్ మనిషి ఇంకొకడున్నాడనీ, విమానం దగ్గరినుంచి ఫిల్ము మోసుకొచ్చిన లారీ డ్రైవరు అతనే అనీ, ఇప్పుడు మామిడితోట పెట్టుకున్నాడనీ అనంతకుమార్ చెప్పాడు. అందరం పోదాం అన్నాడు. నాగక్కకు ఇష్టం లేదు. కానీ ఆమె భుజం లేకుండా దాసప్ప కారెక్కలేడు. ఎక్కింది. దారి పొడుగునా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

మారియప్ప పొట్టిగా, లావుగా, లుంగీ మడిచి కట్టుకుని తోట గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కారు తలుపు తెరిచీ తెరవకముందే లోపలికి తల దూర్చాడు.

"ఏరా దాసిగా! నోరు పడిపోయిందంట గదరా! ఆ పడేది ఏదో ఆగ్రాలోనే పడుంటే మేమంతా నిమ్మళంగా నిద్రన్నా పోయుంటాం గదరా!"

నాగక్క నివ్వెరపోయింది. జబ్బు మనిషితో ఇలా ఎవరైనా మాట్లాడతారా? అనంతకుమార్ కూడా ఇబ్బందిగా దగ్గాడు. బ్యారక్సులో దాసప్పా మారియప్పా తమలో తాము ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళని నాగక్కకూ అనంతకుమార్‌కూ తెలియదు. తెలుగు కూడా కాదు, ఎక్కువ భాగం తిట్లే.

దాసప్ప ముఖం ఎర్రబడింది. "నీ…" అన్నాడు. అందరూ ఆగిపోయారు. "నీ… యబ్బ" అన్నాడు దాసప్ప.

మారియప్ప పగలబడి నవ్వాడు. "అదీ! మాట పడిపోయింది అన్నది ఎవుడురా? తిట్టు, ఇంకోటి తిట్టు!"

"నీ… యబ్బ. లారీ… దొంగా!"

నాగక్క కారు తలుపు పట్టుకుని నిలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. దాదాపు ఏడాదికి ఆయన నోట తెలుగు విన్నది. వినబడింది బూతుమాటే కానీ ఆమె చెవులకు అది పాటలా ఉంది.

మధ్యాహ్నమంతా వాళ్ళు తోటలో చాప మీద కూర్చున్నారు. మారియప్ప మామిడిపండు కోసి స్నేహితుడి నోట్లో ముక్క పెట్టాడు. "ఎట్లుంది?" అన్నాడు. "తీపి" అన్నాడు దాసప్ప. తిట్టు వెంట తోసుకొచ్చినట్టుగా ఇంకొన్ని తెలుగు మాటలు వచ్చాయి. భండారి మాట కూడా వచ్చింది. మారియప్ప నవ్వు ఆగిపోయింది.

"ఆ పొద్దు నేను రన్‌వే పక్కన లారీ ఇంజను ఆఫ్ చేయకుండా కూర్చున్నానమ్మా" అన్నాడు నాగక్కతో. "డీజిలు అయిపోయిందాకా. విమానం దిగితే బిరీన ఫిల్ము ఎత్తుకొని రావాల గదా. తరవాత ఖాళీ చేతుల్తో వీని తావకు పోయినాను. వీడు తలుపు తీయలే. పసిబిడ్డ మాదిరి ఏడుస్తా ఉండాడు లోపల. నీకు కబురొచ్చిందిరా, పోరా అంటే, యాడ పోయేది మారియా, ఆడ పోతే ఆడ కూడా ఒక ప్రాణం పోయిందని చెప్తారు అన్నాడు. నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలే."

దాసప్ప తల వంచుకున్నాడు. తిరుగుప్రయాణంలో నాగక్క కిటికీ వైపు చూడలేదు. కుదుపుల్లో ఆయన పక్కకు ఒరిగినప్పుడల్లా భుజం పట్టుకుని సరిచేసింది.

*

తరవాత రెండు నెలలూ తెలుగు తనంతట తానే వస్తూ పోయింది. కోపం మాటలు ముందు వచ్చాయి, తిండి మాటలు వాటి వెనక. పిల్లిని అదిలించడం వచ్చింది. గంగక్కను చూసి "గాలి సోకింది" అని ఆటపట్టించడం వచ్చింది. వాక్యం తెలుగులో మొదలై హిందీలో తేలేది, లేదా హిందీలో మొదలై సగంలో ఆగిపోయేది.

ఒక సాయంత్రం నాగక్క వాకిట్లో కూర్చుని అలసందకాయలు ఒలుస్తోంది. దాసప్ప నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎడమచేత్తో ఒక కాయ తీసుకుని ఒలవబోయి, గింజలు నేలపాలు చేశాడు. ఆమె ఏరుకుంది.

"నాగీ" అన్నాడు.

జబ్బు చేశాక ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. ఆమె చేతులు ఆగాయి.

"ఆడ… ఆగ్రాలో. బిడ్డ…" ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తరవాతి మాట కోసం చాలాసేపు వెతికాడు. ఆమె అందించలేదు. అందించడానికి ఆమెకూ అది ఏ మాటో తెలియదు. "మగబిడ్డా? ఆడబిడ్డా?"

పాతికేళ్ళలో ఆయన అడగని ప్రశ్న అది. నాగక్క కాసేపు వీధి వైపు చూసింది. షిఫ్టు వదిలిన ఆడపిల్లలు గుంపుగా నవ్వుకుంటూ పోతున్నారు.

"ఆడబిడ్డ" అంది. "జుట్టు శానా ఉండింది. నర్సమ్మ చూపించింది. నేనే అడిగి చూసినాను. ఇంత ఉండింది." రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి చూపింది. "మా అమ్మ మాదిరి ముక్కు."

దాసప్ప ఆ అరచేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. నాగక్క చెప్పుకుంటూ పోయింది. కందకంలో చలి ఎలా ఉండేదో, పక్క క్వార్టరు పంజాబీ ఆమె రేణును తన పిల్లలతోపాటు పొట్టకు హత్తుకుని ఎలా పడుకోబెట్టిందో, ఆస్పత్రిలో లైట్లు తీసేస్తే చీకట్లో ఆడవాళ్ళంతా ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ ఎలా గడిపారో చెప్పింది. కొన్నిచోట్ల ఆయన "ఆ" అన్నాడు. కొన్నిచోట్ల ఆమె చేయి పట్టుకున్నాడు. "నాకు నీ మీద కోపం ఉండింది" అని కూడా చెప్పింది. "పోయిన చలికాలం నుంచి ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు ఎంత ఉందో తెలీదు." ఆయన తల ఊపాడు.

అనంతకుమార్ మళ్ళీ వచ్చినప్పుడు నాగక్క గడప దగ్గర కూర్చోలేదు. లోపలికి వచ్చి మంచం మీద భర్త పక్కన కూర్చుంది.

"సారూ, మీ పుస్తకంలో మా క్వార్టర్సు సంగతి ఉందా?" అని అడిగింది.

ఆయన తెల్లబోయాడు. "లేదమ్మా. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. చెప్తావా?"

చెప్పింది. కిటికీలకు నల్లకాగితం అంటించడం, సైరన్‌కు పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ కందకాల్లోకి దిగడం, పైనుంచి కనబడకుండా తాజ్‌మహల్‌కు గోనెపట్టాలు కప్పారని విని ఆడవాళ్ళంతా అంత గోనె యాడ దొరికిందని ఆశ్చర్యపోవడం చెప్పింది. విమానాలు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వంటిళ్ళలోంచే చప్పుడు లెక్కపెట్టుకునేవాళ్ళమనీ, ఒకటి తగ్గితే ఆ రోజు ఏ ఇంట్లోనూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదనీ చెప్పింది. మధ్యమధ్య దాసప్ప హిందీలో ఒక మాటా తెలుగులో ఒక మాటా అందించాడు. అనంతకుమార్ రాస్తూనే ఉన్నాడు.

"ఆ రోజుల్లోనే గదమ్మా నువ్వు ఆస్పత్రిలో ఉండింది?" అని తల ఎత్తకుండానే అడిగాడు.

నాగక్క భర్త వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూశాడు.

"అది ఉండనీలే సారూ" అంది. "ఆ ఒకటి రాయొద్దు."

అనంతకుమార్ పెన్ను ఆపి ఇద్దరి ముఖాలూ చూశాడు. మరి అడగలేదు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రాగిముద్ద చేసినాను, అలసందగింజల పులుసు చేసినాను. తిని పోవాల" అంటూ నాగక్క లేచింది.

"నాకు… దో" అన్నాడు దాసప్ప.

"రెండెందుకు, డాక్టరు ఒకటే తినమన్నాడు గదా" అని కసురుకుంటూ ఆమె వంటింట్లోకి పోయి, ఆయన పళ్ళెంలో రెండే పెట్టింది.